గోడ మూసేలోపే పైపు చూడాలి

విశాఖపట్నం శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి గృహప్రవేశమైన రెండు మూడేళ్లకే ఒకే వరసలో ఇబ్బందులు మొదలవుతాయి. పై అంతస్తు షవర్‌లో నీళ్లు సన్నగా కారతాయి. గీజరు వేడెక్కడానికి రోజురోజుకూ ఎక్కువ సేపు పడుతుంది. స్నానాల గది అవతలి గోడ మీద పెయింటు పొక్కులు లేచి, వేలితో గీరితే సున్నం రాలుతుంది. వానలు పడగానే మరుగుదొడ్డిలో నీళ్లు దిగవు. పిలిస్తే ప్లంబరు వస్తాడు, వాషరు మారుస్తాడు, జాయింటుకు టేపు చుడతాడు. కొన్ని నెలలకు మళ్లీ అదే చోట అదే చెమ్మ.

దీన్ని ఇంటివారి దురదృష్టంగానో, మేస్త్రీ పనితనంలో లోపంగానో సరిపెట్టుకుంటున్నాం. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా ఏ వీధిలో అడిగినా ఇదే మాట వినబడుతున్నప్పుడు, కారణం ఒక్క ఇంటి గోడల మధ్య ఉండదు. ఊరు చేయాల్సిన పని ఇంటి మీద పడింది. బోరు వేసుకుని, సంపు కట్టుకుని, మోటారు బిగించి, డాబా మీద ట్యాంకు పెట్టుకుని, పెరట్లో మురుగు గొయ్యి తవ్వుకుని ప్రతి కుటుంబమూ సొంతంగా ఒక నీటి శాఖను నడుపుకుంటోంది. ఇంజినీరు లేడు, నక్షా లేదు, పరీక్ష లేదు. మన ఇళ్లలో కారుతున్న చాలా కొళాయిల వెనక ఉన్న అసలు కథ ఇదే.

ఇల్లు ముందు, గొట్టం తరవాత

విశాఖ నీటి కోసం ఎప్పుడూ దూరాలకు చేయి చాచిన ఊరే. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ చాలక గోస్తని మీది తాటిపూడి నుంచి, రైవాడ నుంచి నీరు తెచ్చుకుంది. ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. ఉద్యోగుల కోసం కట్టిన ఉక్కునగరంలో నీటి గొట్టం, మురుగు గొట్టం ముందు గీతగా పుట్టాయి, ఇళ్లు తరవాత లేచాయి. భూములిచ్చిన నిర్వాసితుల కోసం అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడల వైపు వెలసిన కాలనీలు, వాటిని ఆనుకుని పెరిగిన బస్తీలు అందుకు భిన్నంగా పెరిగాయి. అక్కడ ఇల్లు ముందు వచ్చింది, గొట్టం తరవాత వచ్చింది.

ఆ తరవాత నగరం హద్దులే కదిలాయి. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థ ఏర్పాటు చేశారు. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం కూడా చేరాయి. ఒక్క ఉత్తర్వుతో పల్లె నగరమవుతుంది. భూమి కింద గొట్టాలు మాత్రం ఉత్తర్వుతో పుట్టవు. ఇప్పుడు అదే చరిత్ర నగరం అంచు దాటి నడుస్తోంది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆ మండలంలోనే పెట్రోలియం విద్యాసంస్థ ఉంది. ఆనందపురం మండలం గంభీరంలో ఐఐఎం ఉంది. ఆరు వరుసల రహదారి ఈ ఊళ్లను ఒక తాడు మీదికి తెచ్చింది. జీడితోటలు, మెట్ట పొలాలు లేఅవుట్లయ్యాయి. నిన్నటి దాకా నూతి నీళ్లు తోడుకున్న ఊళ్లో ఇవాళ మూడంతస్తుల ఇంట్లో ఆరు స్నానాల గదులున్నాయి. పంచాయతీ రక్షిత మంచినీటి ట్యాంకు మాత్రం పాత ఊరి లెక్కకు కట్టిందే.

ఎత్తు, ఉప్పు, గార

చిన్నగా కనబడే సమస్యల నుంచే చూద్దాం. షవర్‌లో ధార లేకపోతే మనం షవర్ మారుస్తాం. నీటి ఒత్తిడి మాత్రం ట్యాంకు ఎత్తును బట్టి వస్తుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి ఉంటుంది. డాబా మీద మీటరు ఎత్తు దిమ్మపై ట్యాంకు పెడితే, దాని కిందనే ఉన్న అంతస్తులో షవర్‌కు ఆ ట్యాంకు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఒత్తిడి 0.2 కిలోలకు అటూ ఇటూగానే ఉంటుంది. పైగా అరంగుళం పైపు, దారిలో పదీ పన్నెండు ఎల్బోలు. ఎంత ఖరీదైన షవర్ బిగించినా అక్కడ కారేది అంతే. ట్యాంకు ఖాళీ అయి నిండినప్పుడల్లా నీళ్లు ఆగిపోతుంటే డాబా మీద పైపు ఎక్కడో గూనిలా లేచి, అందులో గాలి చిక్కుకుందని అర్థం. ట్యాంకు కన్నా ఎత్తుగా నిలబెట్టిన ఒక గాలి గొట్టం ఆ బాధ తీరుస్తుంది. ఖర్చు చాలా తక్కువ. అయినా చాలా డాబాల మీద అది కనబడదు.

రెండోది బోరు నీరు. తూర్పు కనుమల అంచున ఉన్న ఈ నేల కింద గట్టి రాయి ఉంటుంది. రాతి పగుళ్లలో నిలిచే నీరు ఖనిజాలను కరిగించుకుంటుంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కాఠిన్యం ఎక్కువున్న నీటిని వేడిచేసినప్పుడు కాల్షియం తెల్లటి గారగా విడిపోతుంది. అందుకే ఇంట్లో మొదట దెబ్బతినేది గీజరే. కాయిల్ చుట్టూ పట్టిన గార వేడిని నీటికి అందనివ్వదు. కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. షవర్ రంధ్రాలు, కొళాయి వాల్వులు, ఫ్లష్ ట్యాంకు లోపలి వాషర్లు వరసగా పాడవుతాయి. బోరు వేసిన రోజే నీటిని పరీక్ష చేయించిన ఇల్లు అరుదు. ఆ పరీక్ష చేయించి ఉంటే ఏ కొళాయి కొనాలో, గీజరును ఎన్నాళ్లకోసారి విప్పి శుభ్రం చేయించాలో ముందే తెలిసేది.

మూడోది సముద్రపు గాలి. ఉప్పు తేమ ఇనుప పైపు మీది జింకు పూతను తినేస్తుంది. తుప్పు క్లాంపుతో మొదలై మరలోకి పాకుతుంది. అందుకే ఇనుప పైపులు పోయి ప్లాస్టిక్ పైపులొచ్చాయి. వాటికి వేరే శత్రువుంది. డాబా మీద ఎండకు విప్పిపెట్టిన తెల్ల పైపు పసుపు తిరిగి, పెళుసుబారి, ఒక రోజు చిన్న దెబ్బకే చిట్లుతుంది. రంగు వేసినా, తొడుగు కప్పినా పైపు మన్నిక పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు డాబాల మీది ట్యాంకులు ఎగిరిపడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేక మోటార్లు నడవలేదు. బోరునే నమ్ముకున్న ఇంటికి కరెంటు పోతే నీరూ పోయినట్టేనని ఆ వారం నేర్పింది. వెయ్యి లీటర్లతో నిండిన ట్యాంకు టన్ను బరువుంటుంది. దాన్ని ఎత్తడం గాలికి అంత తేలిక కాదు. తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు నింపుకుంటే అటు ట్యాంకూ నిలుస్తుంది, ఇటు రెండు రోజుల నీరూ దక్కుతుంది.

60 అడుగుల లెక్క

ఇంతవరకు చెప్పినవి ఇంటివారు జాగ్రత్త పడితే తీరేవి. ఎంత జాగ్రత్తపడ్డా తీరని సమస్య ఒకటుంది. మురుగు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకుల ప్రమాణాలు చెబుతున్నాయి. మన లేఅవుట్లలో మామూలుగా అమ్మే 200 గజాల స్థలం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటుంది. 60 అడుగులంటే 18 మీటర్ల చిల్లర. బోరు ఈ చివర, గుంత ఆ చివర పెడితే తప్ప నిబంధన నిలవదు. అలా పెట్టినా వెనకింటి వారి బోరు మన గుంతకు పక్కనే ఉండొచ్చు. స్థలం 150 గజాలైతే ఆ మాత్రం వీలు కూడా లేదు. అంటే ఈ నిబంధనను ఒక్కో ఇల్లు విడివిడిగా పాటించడం సాధ్యపడదు. లేఅవుట్ గీసేటప్పుడే మురుగు ఎటు పోవాలో నిర్ణయించాలి. అది జరగలేదు.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందాలన్నది జాతీయ ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. నలుగురున్న ఇంటి నుంచి రోజుకు 430 లీటర్లకు పైగా మురుగు వస్తుంది. అదంతా ఆ కొద్ది స్థలంలోనే ఇంకాలి. వేసవిలో ఎలాగో ఇంకుతుంది. ఆషాఢం, శ్రావణంలో నేల తడిసి ముద్దయ్యాక ఎక్కడికీ పోలేక వెనక్కి తంతుంది. అప్పుడు మనం మరుగుదొడ్డి బేసిన్‌ను తప్పుపట్టి యాసిడ్ పోస్తాం. ఆ యాసిడ్ సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపి సమస్యను ముదరబెడుతుంది. తట్టుకోలేనివారు గుంత నుంచి ఒక పైపు వీధి కాలువలోకి వదులుతారు. ఆ కాలువ గెడ్డలో కలుస్తుంది. గెడ్డ చెరువులోకో సముద్రంలోకో చేరుతుంది.

ఈ మురుగు తిరిగి మన కొళాయిలోకి వచ్చే దారి కూడా ఒకటుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరొదిలే ఊళ్లలో మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. కాలువ పక్కనే ఉన్న గొట్టానికి చిన్న నెర్రె ఉన్నా, ఖాళీగా ఉన్నంతసేపూ బయటి మురుగు లోపలికి ఊరుతుంది. దానికి తోడు చాలామంది వీధి కొళాయి లైనుకు నేరుగా మోటారు బిగించి లాగుతున్నారు. అప్పుడు గొట్టం స్ట్రాలా పీలుస్తుంది. నీటితో పాటు ఆ మురుగునూ పీలుస్తుంది. పక్కింటివారికి నీరందకపోవడం ఒక అన్యాయమైతే, వీధి మొత్తానికి కలుషిత నీరు పంచడం అంతకన్నా పెద్ద అన్యాయం. మన పొరుగునే ఒడిశాలో పూరీ పట్టణం 2021లో 24 గంటలూ కొళాయి నుంచే తాగగల నీటి సరఫరా మొదలుపెట్టింది. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి నిలిపి ఉంచితే మురుగు లోపలికి రాలేదు. సంపు, మోటారు, ట్యాంకు, వడపోత యంత్రం అనే నాలుగు ఖర్చుల అవసరమూ ఇంటికి తగ్గుతుంది.

పనివాడి చేతికి చదువు తోడవ్వాలి

శివారు ఊళ్లలో ప్లంబింగ్ పని చేసేవారిలో చాలామంది మరో పనివాడి వెంట తిరిగి నేర్చుకున్నవారే. చేతి నేర్పు ఉంది. అయితే మరుగుదొడ్డి గొట్టానికి గాలి పైపు ఎందుకుండాలి, నహానీ ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఎందుకు నిలవాలి, వేడినీటికి ఏ పైపు వాడాలి, సొల్యూషన్ పూసిన జాయింటును ఎంతసేపు కదపకూడదు అని కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. వంగిన గొట్టంలో నీటిని నిలిపి దుర్వాసనను ఆపే ఉపాయానికి 1775లోనే అలెగ్జాండర్ కమింగ్ లండన్‌లో పేటెంటు పొందాడు. రెండున్నర శతాబ్దాల తరవాత కూడా మన కొత్త ఇళ్లలో వాసన వస్తోందంటే ఆ వంపు పెట్టకపోవడమో, వాడని గదిలో ట్రాప్ ఎండిపోవడమో కారణం. వారానికోసారి చెంబెడు నీళ్లు పోస్తే రెండోది తీరుతుంది.

ఈ విషయంలోనూ ఒడిశా నుంచి నేర్చుకోదగ్గది ఉంది. కేంద్రపడా జిల్లా పట్టాముండై ప్రాంతం దేశమంతటికీ ప్లంబర్లను పంపే గడ్డగా పేరు తెచ్చుకుంది. ఆ నైపుణ్యాన్ని గుర్తించి అక్కడి ప్రభుత్వం ప్లంబింగ్ శిక్షణ కోసమే ఒక సంస్థను నెలకొల్పింది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఓడల నిర్మాణ కేంద్రం ఉన్న విశాఖలో గొట్టం పని తెలిసిన చేతులకు కొదవ లేదు. ఆ అనుభవాన్ని ఇళ్ల దాకా తెచ్చే సాయంకాలపు శిక్షణ, దాని చివర ఒక ధ్రువపత్రం, ధ్రువపత్రం ఉన్నవారికి తగిన కూలి ఏర్పాటు చేయడం ఐటీఐలకు అసాధ్యమేమీ కాదు.

చేయాల్సిన పనులు

మొదటిది, గోడలు ప్లాస్టరింగు చేసే ముందు పైపుల పరీక్ష. కొళాయి బిందువులన్నీ బిరడాలతో మూసి, చేతి పంపుతో వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, కొన్ని గంటలపాటు ఒత్తిడి మీటరు ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూడాలి. కారే జాయింటు అప్పుడు దొరికితే పోయేది ఒక కప్లింగు. టైల్స్ వేశాక దొరికితే గోడ పగలగొట్టాలి. ఇంటి ప్లానుకు అనుమతిచ్చే అధికారులు నివాసయోగ్యతా పత్రానికి ఈ పరీక్షను షరతుగా పెట్టాలి.

రెండోది, పైపుల నక్షా. మన ఇంటి కాగితాల్లో దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదు అన్నీ ఉంటాయి. గోడలో ఏ పైపు ఎటు పోయిందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. గోడ మూసే ముందు ప్రతి గదిలో తీసిన నాలుగు ఫోటోలు కూడా చాలు, పదేళ్ల తరవాత వచ్చే ప్లంబరు గుడ్డిగా సుత్తి ఎత్తడు.

మూడోది, లేఅవుట్ అనుమతి. ఇళ్ల స్థలాలు అమ్మే ముందే అందరికీ ఉమ్మడి మురుగు శుద్ధి ఏర్పాటు, లేదా కనీసం మురుగు గొట్టాల వరస ఉండాలి. అది లేకుండా వీధులు, పార్కులు, ఆర్చి గేట్లు చూపించి అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే కట్టేసిన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకులను మూడేళ్లకోసారి యంత్రంతో ఖాళీ చేయించి, ఆ మలాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చే బాధ్యత స్థానిక సంస్థే తీసుకోవాలి. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ప్రాణాలు పోయాక పరిహారం ఇవ్వడం కన్నా యంత్రం కొనడం పంచాయతీకి తేలిక.

నాలుగోది వాన. ఏటా ఈ తీరంలో సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద పడేది లక్ష లీటర్లు. ఆ నీటిని వడకట్టి నేలలోకి ఇంకిస్తే బోరులో నీటి మట్టం నిలుస్తుంది, ఉప్పదనమూ కొంత తగ్గుతుంది.

ఇంటివారు ఈ రాత్రే చేయగల పని కూడా ఒకటుంది. పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. తెల్లారి నీరు గీత కిందికి దిగితే ఇంట్లో ఎక్కడో కారుతోంది. ఆ ఒక్క గీత మీ ఇంటి సంగతి చెబుతుంది. ఊరి సంగతి తెలుసుకోవడానికి అలాంటి గీత ఎవరూ గీయలేదు. ఎంత నీరు వదులుతున్నాం, ఎంత ఇంటికి చేరుతోంది, ఎంత మురుగు ఎటు పోతోంది అన్న లెక్క సబ్బవరానికీ ఆనందపురానికీ ఇప్పుడే మొదలుకావాలి. ఆ ఊళ్లలో పునాదులు ఇంకా పడుతున్నాయి, గోడలు ఇంకా లేస్తున్నాయి. సరిదిద్దడానికి మనకున్న వ్యవధి ఆ గోడలకు ప్లాస్టరింగు అయ్యేదాకానే.