ప్రభుత్వాన్ని నిలదీయడం వేరు, యూదులను నిందించడం వేరు

ఒక ప్రభుత్వం చేసిన పనికి జవాబు చెప్పుకోవలసింది ఆ ప్రభుత్వమే. ఆ పనిని సాకుగా తీసుకుని ఒక జాతినో మతాన్నో దోషిగా నిలబెడితే అది విమర్శ కాదు, ద్వేషం. ఇజ్రాయెల్ విషయంలో ఈ గీత తరచూ చెరిగిపోతోంది. గాజాపై బాంబుదాడులను, వెస్ట్ బ్యాంక్‌లో స్థావరాల విస్తరణను తప్పుపట్టినవారికి యూదు ద్వేషులన్న ముద్ర వేసేవారు ఒకవైపు ఉన్నారు. ఇజ్రాయెల్ మీది కోపాన్ని ఎక్కడెక్కడి యూదుల మీదో చూపేవారు మరోవైపు ఉన్నారు. రాజ్యాన్నీ ప్రజలనూ ఒకటిగా కట్టడమే ఈ రెండు తప్పులకూ మూలం.

నిజానికి ఆ రెండూ ఒకటి కావు. ప్రపంచంలోని సుమారు కోటిన్నర మంది యూదుల్లో సగానికి పైగా ఇజ్రాయెల్ వెలుపలే జీవిస్తున్నారు. ఇజ్రాయెల్ పౌరుల్లో దాదాపు ఐదోవంతు అరబ్బులు. యూదులకు సొంత రాజ్యం కావాలా అన్న ప్రశ్నపైనే యూదుల్లో మొదటినుంచీ భేదాభిప్రాయం ఉంది. 1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, యూదులకు సొంత దేశం కోరే జియోనిస్టుల తొలి మహాసభ జరిగింది. అదే ఏడాది అక్టోబరులో విల్నాలో పుట్టిన ‘బుండ్’ అనే యూదు కార్మిక సంఘం, పుట్టి పెరిగిన దేశాల్లోనే హక్కులు సాధించుకోవాలంటూ జియోనిజాన్ని వ్యతిరేకించింది. మతపరమైన కారణాలతో ఆ రాజ్యభావననే తిరస్కరించే యూదు శాఖలు నేటికీ ఉన్నాయి.

ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని అందరికంటే ముందు నిలదీసినవారిలో ఇజ్రాయెలీలే ఉన్నారు. 1982 సెప్టెంబరులో, ఇజ్రాయెల్ సేనల అదుపులో ఉన్న బీరూట్‌లోని సబ్రా, షటీలా ప్రాంతాల్లో లెబనాన్ క్రైస్తవ సాయుధ ముఠా పాలస్తీనా శరణార్థులను ఊచకోత కోసింది. దర్యాప్తు జరగాలంటూ టెల్ అవీవ్‌లో భారీ జనప్రదర్శన జరిగింది. ప్రభుత్వం నియమించిన కహాన్ విచారణ సంఘం రక్షణమంత్రి ఏరియల్ షరాన్‌ను వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేయడంతో 1983లో ఆయన ఆ పదవి వదులుకున్నారు. న్యాయవ్యవస్థ అధికారాలకు కోతపెట్టే ప్రయత్నంపై 2023లో నెలల తరబడి నిరసనలు సాగాయి. ప్రభుత్వ విమర్శే యూదు ద్వేషమైతే ఈ పౌరులందరినీ యూదు ద్వేషులనవలసి వస్తుంది.

యూదు ద్వేషానికి తనదైన చరిత్ర ఉంది. యూదులు క్రైస్తవ పిల్లలను చంపి రక్తాన్ని మతకర్మల్లో వాడతారన్న అపవాదు మధ్యయుగ ఐరోపాలో ఎన్నో హత్యలకు కారణమైంది. ప్రపంచాన్ని ఏలడానికి యూదు పెద్దలు పన్నిన కుట్ర అంటూ 1903లో రష్యాలో ‘ప్రోటోకాల్స్’ అనే పత్రాలు వెలువడ్డాయి. అవి నకిలీవని 1921లో లండన్ ‘టైమ్స్’ పత్రిక నిరూపించినా ప్రచారం ఆగలేదు. నాజీలు దాన్ని వాడుకున్నారు, చివరికి 60 లక్షల మంది యూదులను చంపారు. రహస్య ఆధిపత్యం, రక్తదాహం, పుట్టుకతోనే అంటిన నేరం అన్న ఆరోపణలు ఆ చరిత్ర పొడవునా కనిపిస్తాయి. ఇవే ఇజ్రాయెల్ గురించిన మాటల్లోకి చొరబడినప్పుడు అక్కడ రాజకీయ విమర్శ ముగిసినట్టే.

పేరు మార్చుకున్నంత మాత్రాన ద్వేషం స్వభావం మారదు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత పోలండ్ ప్రభుత్వం ‘జియోనిస్టుల’పై ప్రచారం మొదలుపెట్టింది. 1968 మార్చిలో విద్యార్థుల నిరసనలు చెలరేగాక అది ఉధృతమైంది. ఇజ్రాయెల్‌తో ఏ సంబంధమూ లేని పోలండ్ యూదులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వేలమంది పౌరసత్వం వదులుకుని దేశం విడిచారు. 2012 మార్చిలో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఒక సాయుధుడు యూదు పాఠశాల వద్ద ఒక ఉపాధ్యాయుణ్ణి, ముగ్గురు పిల్లలను కాల్చి చంపాడు. పాలస్తీనా పిల్లల మరణాలకు ప్రతీకారమని చెప్పుకున్నాడు. గాజాలో ఏం జరిగినా ఆ పాఠశాల పిల్లలకు దానితో పనిలేదు.

విమర్శకులకు యూదు ద్వేషులన్న ముద్ర వేసే తప్పూ చిన్నది కాదు. 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి యూదు వ్యతిరేకతకు ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. ఇతర దేశాలపై వచ్చే తరహా విమర్శ ఇజ్రాయెల్‌పై వచ్చినా దాన్ని యూదు వ్యతిరేకత అనరాదని అందులోనే ఉంది. అయినా జతచేసిన ఉదాహరణలు ఎక్కువగా ఇజ్రాయెల్‌కు సంబంధించినవే కావడంతో విమర్శకుల నోరు నొక్కడానికి అది సాధనమైంది. దాని రచనలో ముఖ్యపాత్ర వహించిన కెనెత్ స్టెర్న్ స్వయంగా విశ్వవిద్యాలయాల్లో అలా వాడడాన్ని వ్యతిరేకించారు. 2021లో పలువురు పండితులు వెలువరించిన జెరూసలేం ప్రకటన, బహిష్కరణ పిలుపు దానంతటదే యూదు ద్వేషం కాదని స్పష్టం చేసింది.

రాజ్యాన్ని విమర్శిస్తూనే ప్రజలను గౌరవించడం సాధ్యమేనని భారత్ అనుభవం చెబుతోంది. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన భారత్, ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పుకున్నది 1992లోనే. ఆ దశాబ్దాల్లో కొచ్చి, కొంకణ యూదులు నిర్భయంగా జీవించారు. కలకత్తా యూదు కుటుంబంలో పుట్టిన జె.ఎఫ్.ఆర్. జేకబ్ 1971లో ఢాకా లొంగుబాటు చర్చలు నడిపిన సైన్యాధికారి. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమూహం ఉంది. అయితే 2008 నవంబరులో ముంబయిలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో రబ్బీ దంపతులు సహా ఆరుగురిని బలిగొన్న ఉగ్రవాదం, ద్వేషం బయటినుంచైనా వచ్చి పడగలదని చూపింది.

అందుకే ఏ మాటనైనా మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. నింద చేసిన పనిపైనా, పుట్టుకపైనా? బాధ్యులుగా చూపుతున్నది నిర్ణయం తీసుకున్నవారినా, యూదులందరినీనా? ఇతర దేశాలకు వర్తించే నీతినే ఇక్కడా వర్తింపజేస్తున్నారా? యూదులను దూషించేవారు పాలస్తీనీయుల న్యాయమైన వాదనకే హాని చేస్తున్నారు. ప్రతి విమర్శకూ యూదు ద్వేషమన్న పేరు పెట్టేవారు, నిజమైన ద్వేషం ఎదురైనప్పుడు ఆ ఆరోపణను ఎవరూ నమ్మని స్థితి తెస్తున్నారు.