జీతం ఆగిన ఇంట కార్డు బాకీ

క్రెడిట్ కార్డు అసలు స్వరూపం జీతం ఆగిన నెలలోనే బయటపడుతుంది. పల్లెలో నూటికి 3 రూపాయల వడ్డీ అంటే పెద్దలు ఉలిక్కిపడతారు. ఎన్నో కార్డులపై నెలకు మూడున్నర పడుతున్నా విద్యావంతులు గమనించరు. చక్రవడ్డీని లెక్కింపకున్నా అది ఏడాదికి 42 శాతం! జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో విధించిన 30 శాతం హద్దును సుప్రీంకోర్టు 2024లో కొట్టివేసింది. కనుక ఋణగ్రస్తుడు తన జాగ్రత్తలో తానుండవలసిందే. కనీస మొత్తం చెల్లిస్తే ఊరటగా తోచవచ్చు, కాని అసలు తరగడం బహుస్వల్పం. ఒక కార్డుతో మరొక కార్డు బాకీని తీర్చడం అంతకన్న అవివేకం. ఉద్యోగం పోయిన సంగతిని దాచక, బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపి, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చుమని కోరడం మేలు. అందులో అవమానమేమున్నది? వసూలుదారులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. ఈ సంగతి బాకీదారులలో చాలామంది ఎరుగరు.