మద్దిచెట్టు మీద పండే చీర

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా చీరల దుకాణాలకు కొదవలేదు. ఆషాఢం తగ్గింపు అమ్మకాలు మొదలైతే కాలు పెట్టే చోటుండదు. కంచి, ధర్మవరం చీరల ధగధగల మధ్య తేనెరంగులో, పెద్దగా మెరుపు లేకుండా ఒద్దికగా ఓ చీర కనిపిస్తుంది. దుకాణాల్లో దాన్ని టస్సర్ అంటారు. గోదావరి ఒడ్డున దాని పేరు దసలి పట్టు. మల్బరీ పట్టుపురుగు షెడ్డులో, తట్టల్లో పెరుగుతుంది. దసలి పురుగుకు మాత్రం చెట్టే ఇల్లు!

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్, మంచిర్యాల జిల్లా చెన్నూరు ప్రాంతాల్లో ఈ పంట ఉంది. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగుల్ని రైతులు మద్దిచెట్ల మీదికి ఎక్కిస్తారు. అవి ఆకు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, నెల దాటాక కొమ్మకు కాడతో వేలాడే గూడు కట్టుకుంటాయి. అన్నాళ్లూ రైతుకు చెట్ల కిందే కాపలా. పైనుంచి పక్షులు, కింది నుంచి చీమలు. వాన ఎక్కువైనా, జబ్బు తగిలినా పంట పోయినట్టే. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచే గుడ్డుకు సంక్రమిస్తుంది. అందుకే తల్లి పురుగును సూక్ష్మదర్శినిలో పరీక్షించాకే గుడ్లు పంచుతారు.

ఇంత కష్టంలోనూ ఓ మంచి ఉంది. మద్దిచెట్టును నరికితే డబ్బు ఒక్కసారే వస్తుంది. నిలబెడితే ఏటా గూళ్లు కాస్తుంది.

కెన్యాలోనూ ఇదే లెక్క పనిచేసింది. అక్కడ తీరప్రాంతంలో అరబుకో సొకోకె అనే అడవి ఉంది. దాని విస్తీర్ణం దాదాపు 420 చదరపు కిలోమీటర్లు. అడవి అంచు ఊళ్లవాళ్ల కోసం 1993లో ‘కిపెపియో’ పథకం మొదలైంది. స్వాహిలీలో ఆ మాటకు అర్థం సీతాకోకచిలుక. రైతులు వాటిని పెంచి, ప్యూపాలను అమ్ముతారు. అవి విదేశాల్లోని సీతాకోకచిలుకల ప్రదర్శనశాలలకు చేరతాయి. అడవి ఉంటేనే తల్లి సీతాకోకచిలుకలు, వాటి పిల్లలకు మేత. పంటను పాడుచేసే ఏనుగుల అడ్డాగా కనిపించిన అడవి కాస్తా ఆదాయమిచ్చే అడవి అయింది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా రకాల సీతాకోకచిలుకలకు రక్షణ కల్పిస్తోంది. వాటిని పట్టి అమ్మితే నేరం. వాటికి దగ్గరి చుట్టమైన దసలి పురుగే మనకు దారి.

పురుగు ఒక్కటే అడవిని కాపాడేస్తుందని కాదు. గూటికి గిట్టుబాటు ధర రాకపోతే రైతు మరో పని వెతుక్కుంటాడు. అప్పుడు మద్దిచెట్టు కింద కాపలా ఉండదు. ఆ ధర సగం అడవిలో తేలితే, మిగతా సగం తేలేది దుకాణం గల్లా దగ్గరే. పాలిస్టర్ చీరను కూడా ‘టస్సర్’ పేరుతో అంటగట్టే కాలమిది. ఒక్క పోగు తీసి వెలిగిస్తే గుట్టు బయటపడుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముద్దవుతుంది. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ గుర్తు కూడా అసలు పట్టుకు హామీ ఇస్తుంది. అది ఏ అడవి గూడో చెప్పాల్సింది మాత్రం అమ్మేవాళ్లే.

అడిగితే ఏమవుతుంది అంటారా? 1990 ప్రాంతంలో అప్పటి రాష్ట్రపతి వెంకట్రామన్ సతీమణి జానకి, పురుగును చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని అడిగారు. ఆప్కోలో పనిచేస్తున్న కుసుమ రాజయ్య ఆ మాట పట్టుకుని ప్రయోగాలు చేశారు. పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయాకే గూటి నుంచి నూలు తీశారు. అదే అహింసా పట్టు! కొనేవాళ్లు వేసిన ఒక్క ప్రశ్న అంత పని చేసింది. ‘ఈ టస్సర్ ఏ ఊరిది?’ అన్న ప్రశ్న కూడా పదిమంది అడిగితే మహదేవపూర్ దాకా వినిపిస్తుంది.