ఆయమ్మ కొలువు: ఐదవ యేటి లెక్క



జగిత్యాల దాపునగల యొక గ్రామమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కోడలు పదవ తరగతి ప్యాసైనది. మూడేండ్లుగా ఊరి అంగన్‌వాడిలో ఆయాగా పనిచేయుచున్నది. "నెలకు వచ్చునది 7,800 రూపాయలు. ప్రొద్దున పోయిన పిల్ల మధ్యాహ్నము దాటిన గాని యిల్లు చేరదు. ఇంతకంటె ఇంటనే కూర్చుండి బీడీలు చుట్టుకొనిన పి.ఎఫ్. పుస్తకమైనను ఉండునుగదా. ఈ కొలువున జీతము పెరుగునా? ఎన్నటికైన టీచరగునా? ముసలితనమున కేమైన మిగులునా? మానిపింతుమా, ఉండనిత్తుమా?" అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన చీలి పెక్కు జిల్లాలైనవి గాని, ఈ సీమలోని యిండ్ల లెక్కలు మాఱలేదు. తునికాకు, బీడీ, పత్తిచేను, వీనికి తోడు చదువుకొన్న కోడలికి దొరకు చిన్న కొలువు. కావున ఆ సోదరి యడిగిన మూడు మాటలకును వరుసగా సమాధానము చెప్పుదుము.

మొదట పని యెట్టిదో తలంపుడు. ఆయమ్మ యనగా ఊడ్చునది, వండునది యని మాత్రమే యనుకొందుము. ఇల్లిల్లు తిరిగి పిల్లలను కేంద్రమునకు తెచ్చునది ఆమె. ఏడ్చు పిల్లను ఒడి చేర్చుకొనునది ఆమె. గర్భిణులకు, బాలింతలకు పెట్టు భోజనము సిద్ధపఱచునది ఆమె. టీచరు రిజిస్టరు వ్రాయునప్పుడు పిల్లలచేత పాట పాడించునదియు ఆమెయే. ఉట్నూరు, జైనూరు ప్రాంతపు గూడెములలో టీచరుకు గోండి రాకున్నచో ఆయమ్మయే దుబాసి. పేరు సహాయకురాలిది, చేయునది సగము బోధన.

ఇక జీతము. ఆ సోదరి "జీతము" అని వ్రాసినది గాని ప్రభుత్వము దానిని "గౌరవవేతనము" అనుచున్నది. ఈ రెండు మాటల నడుమ పెద్ద అంతరము కలదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయురాలికి వేతన శ్రేణి యుండును. 2021లో అమలైన వేతన సవరణ ప్రకారము అది 31,040 రూపాయలతో మొదలై 92,050 వఱకు పోవును. అనగా ఏటేట ఇంక్రిమెంటు చేరును, కరవుభత్యము వేఱు. ఆమె పదోన్నతి పొందిన స్కూల్ అసిస్టెంటగును. పేరులో "అసిస్టెంటు" అని యున్నను అది ఉన్నత పాఠశాలలో పూర్తి ఉపాధ్యాయ పదవియే. దాని శ్రేణి 42,300 మొదలు 1,15,270 వఱకు.

గౌరవవేతనమునకు ఇట్టి నిచ్చెన లేదు. అది యొక గట్టు వంటిది. ఉత్తరువు వచ్చినప్పుడే లేచును, లేనప్పుడు కదలదు. తెలంగాణములో ఆయాల మొత్తము 2015లో 4,500 రూపాయలు, 2017లో 6,000, 2021లో 7,800 అయినది. టీచరులది ఆ యేండ్లలోనే వరుసగా 7,000, 10,500, 13,650 అయినది. ఇందు కేంద్ర ప్రభుత్వపు లెక్క 2018 అక్టోబరు 1 నుండి టీచరునకు 4,500, ఆయాకు 2,250 మాత్రమే. తక్కినది రాష్ట్రము తన ఖజానానుండి చేర్చుచున్నది. ఈ పద్ధతిలో ఇరువదియేండ్లు చేసిన ఆయమ్మయు, నిన్న చేరిన ఆయమ్మయు ఒకే మొత్తము పుచ్చుకొందురు. వీరివి ప్రభుత్వోద్యోగ పదవులు కావని సుప్రీముకోర్టు 2006లో చెప్పియుండెను. కావున కోడలు ఓపికతో పనిచేసిన కొలది జీతము తనంత తాను పెరుగునని ఆశింపరాదు. ఇది మొదటి ప్రశ్నకు సమాధానము, చేదైనను నిజము.

రెండవ ప్రశ్నకు సమాధానము కొంత తీయనిది. అంగన్‌వాడి టీచరు ఖాళీలలో సగము, ఐదేండ్లు పనిచేసిన ఆయాలకు పదోన్నతి ద్వారా ఇయ్యవలెనని 2022లో వెలువడిన కేంద్ర మార్గదర్శకములు చెప్పుచున్నవి. అట్లే సూపర్‌వైజరు పదవులలో సగము, ఐదేండ్లు నిండిన టీచరులకు. అనగా నిచ్చెన లేదనుకొన్నచోట రెండు మెట్లు కట్టిరి. మొదటి మెట్టు విలువ ఎంత? పైన చెప్పిన అంకెలనుబట్టి నెలకు 5,850 రూపాయలు, ఏటికి 70,200. ఏ యుత్తరువును ఆయమ్మకు ఒక్కమాఱుగా ఇంత పెంపు ఇచ్చియుండలేదు.

అయితే ఐదేండ్లు నిండిన మాత్రమున మెట్టు దానంతట రాదు. ఊరిలో ఖాళీ పడవలెను. చదువు నిబంధన తీఱవలెను. పూర్వము టీచరుకు పదవ తరగతి చాలుచుండెను. ఇప్పుడు ఇంటర్మీడియట్టు అడుగుచున్నారు. ఇచ్చటనే పెక్కురు దెబ్బతినుచున్నారు. మేమెఱిగిన యొక ఆయమ్మ ఆదిలాబాదు వైపు గ్రామమున పదునాలుగేండ్లు పనిచేసెను. టీచరు విరమించి ఖాళీ పడినప్పుడు ఆమె చేత అనుభవమున్నది గాని సర్టిఫికెట్టు లేదు. వేఱొక చిన్నది వచ్చి చేరినది. మఱునాడు ఆ చిన్నదానికి పిల్లల పేళ్లన్నియు ఒక్కొక్కటిగా చెప్పి, ఏ బిడ్డ అన్నము తినదో, ఏ బిడ్డకు పాలు పడవో నేర్పినది ఆ ఆయమ్మయే. "నా చదువుకు ఎవ్వరును అడ్డుపడలేదమ్మా; చదువుమని చెప్పినవారును లేరు" అని యామె మాతో ననినది. ఆ మాట మేము మఱువలేదు.

చదువు తక్కువయని మొదలే తలుపు మూయుట ఈ సీమ సంప్రదాయము కాదు. 1943లో, నిజాము పాలనలో, ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున గోండులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమొకటి తెఱచిరి. దానికి పూనుకొన్నవాడు మానవశాస్త్రజ్ఞుడైన హైమన్‌డార్ఫ్. బడి మొగమెఱుగని గూడెములనుండి వచ్చిన యువకులకు అక్షరములు నేర్పి, గోండి వాచకములు చేతికిచ్చి, బడిపంతుళ్లుగా పంపిరి. వారిలో కొందఱు తరువాత పట్వారీలు, గుమాస్తాలు నైరి. నాడు స్త్రీలకు ఆ తలుపు తెఱవలేదు. అది వేఱు మాట. మనము గ్రహింపవలసినది యేమన, వారికి తొలి కొలువు చిన్నదైనను వెంట శిక్షణ యుండెను, ముందర మఱియొక మెట్టు కనబడుచుండెను. ఈ రెండును ఉన్న కొలువు చిన్నది కాదు. ఇంగ్లండులో సైతము తరగతి సహాయకురాండ్రకు ఇదే కొఱత యుండగా, 2003లో వారికి ఉన్నతస్థాయి సహాయకురాలను హోదా నొకటి కల్పించిరి.

మూడవ ప్రశ్న ముసలితనమును గూర్చినది. బీడీ కార్మికురాలికి పి.ఎఫ్. కలదన్న ఆ సోదరి మాట నిజమే. అయితే 2022 ఏప్రిలు 25వ తేదీన సుప్రీముకోర్టు అంగన్‌వాడి టీచరులకును, ఆయాలకును 1972 నాటి చట్టము ప్రకారము గ్రాట్యుటీ చెల్లునని తీర్పు చెప్పినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున సామాజిక భద్రతా స్మృతి వచ్చినది. ఏటికి పదునైదు దినముల వేతనము అను సూత్రము అందును కలదు. ఆ లెక్క మీరే వేసికొనవచ్చును. చివరి నెల మొత్తమును 26తో భాగించి, 15తో హెచ్చవేసి, పనిచేసిన యేండ్లతో మఱల హెచ్చవేయుడు. 7,800 పుచ్చుకొను ఆయమ్మకు ఏటికి 4,500 రూపాయలు. 13,650 పుచ్చుకొను టీచరుకు ఏటికి 7,875. ముప్పదియేండ్లు చేసిన ఆయమ్మకు 1,35,000 కావలెను. 2024 జూలైలో మంత్రి సీతక్క విరమణవేళ టీచరునకు రెండు లక్షలు, ఆయాకు ఒక లక్ష ఇత్తుమని ప్రకటించిరి. ప్రకటనము వేఱు, చట్టపు హక్కు వేఱు. హక్కును వ్రాతమూలముగా అడిగి పొందవలెను. విరమించిన ముప్పది దినములలో అర్జీ యిచ్చుట మేలు.

ఈ గ్రాట్యుటీకి నిబంధన యొకటి కలదు: ఎడతెగక ఐదేండ్లు నిండవలెను. పదోన్నతికిని అడుగునది ఐదేండ్లే. ఇప్పుడు జాబు వ్రాసిన సోదరి మరల తన కోడలి లెక్క చూచుకొనుగాక. మూడేండ్లు నిండినవి. నేడు మానిపించినచో చేతికి వచ్చునది సున్న. ఇంక రెండేండ్లు నిలిచినచో గ్రాట్యుటీ హక్కును, పదోన్నతి యర్హతయు రెండును ఒకే దినమున చేతికి వచ్చును. ఆ రెండేండ్లే ఇంటర్మీడియట్టు చదువుటకు పట్టుకాలము! పదవ తరగతి ప్యాసైనవారు కళాశాలకు పోనక్కఱలేకయే తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటర్మీడియట్టు వ్రాయవచ్చును. పదవ తరగతి లేనివారు అచ్చటనే ముందు దానిని వ్రాయవచ్చును.

కాగితముల మాట మఱువరాదు. నియామక పత్రము, చేరిన తేదీ తెలుపు పత్రము, గౌరవవేతనము జమపడిన బ్యాంకు పుస్తకము, శిక్షణకు పోయిన ధ్రువపత్రములు, సెలవు చీటీల నకళ్లు, ఇవన్నియు ఒక సంచిలో పెట్టి నగలపెట్టెలో దాచుడు. ఇరువదియేండ్ల తరువాత ఐదేండ్ల సేవను నిరూపించునది మన నోటిమాట కాదు, ఆ సంచి. కొత్తగా చేరువారు మఱియొకటి యడుగవలెను. 2025-26 విద్యాసంవత్సరమున కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో పూర్వప్రాథమిక తరగతులు తెఱచి, బోధకురాలిని, ఆయాను గౌరవవేతనముపై పెట్టుకొనిరి. అట్టి చోట నెలకెంత యని మాత్రమే కాక, ఏటికెన్ని నెలలు, మఱుసటి యేడు కొనసాగింపు కలదా, సేవ లెక్కకు వచ్చునా యని ముందే యడిగి వ్రాతలో తీసికొనుట మంచిది.

ఇక కడపటి మాట అత్తగారితోనే. అమ్మా, నీ కోడలికి కావలసినది ధనము కాదు, సాయంకాలము రెండు గంటలు. వంట నీవు చూచుకొనుము. బిడ్డను నీ కొడుకు ఎత్తుకొనుగాక. బీడీల చాట ఆ రెండు గంటలు మూలనుండుగాక. గౌరవవేతనమను పేరులోని గౌరవము ఖజానానుండి వచ్చునప్పటికి వచ్చును; మీ యింట అది నేటి సాయంకాలమే మొదలుకావచ్చును. పిల్లను మానిపింపకుము. రెండేండ్ల పిమ్మట ఆమె ప్యాసైన వార్త మాకు వ్రాయుము. ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింతుము.