కంప్యూటర్ పుణ్యం, కరెంటు బిల్లు

అబ్బాయి పడుకున్నా వాడి కంప్యూటర్ రాత్రంతా గుర్రుమంటూనే ఉంటోందా? కోప్పడకండి, ముందు సంగతేమిటో అడగండి. అది ఆటే కానక్కర్లేదు సుమండీ!

'ఫోల్డింగ్ ఎట్ హోమ్' అని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2000లో మొదలుపెట్టిన పని ఒకటుంది. మన ఒంట్లో ప్రొటీన్లు చాలావరకు సరిగ్గా మడత పడితేనే పనికొస్తాయి. మడత తప్పితే కొన్ని జబ్బులకు దారితీస్తుంది. ఆ మడతల లెక్కను ముక్కలు చేసి, ఇష్టపడ్డవాళ్ళ ఇంటి కంప్యూటర్లకు పంచుతారు. 2020లో కరోనా సమయంలో లక్షలమంది ఇలా ఓ చెయ్యి వేశారు. ఆటల కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డు ఈ లెక్కల్లో మహా చురుకు.

అయితే పుణ్యం ఊరికే రాదు కదా! 300 వాట్ల కార్డు రోజంతా పూర్తి జోరుమీద నడిస్తే 7.2 యూనిట్లు. నెలకు 216! గది వేడెక్కడం అదనం.

అలాగని మాన్పించకండి. వారానికి ఒక్క రోజని ఒప్పందం చేసుకోండి. నెలకు సుమారు 30 యూనిట్లే అవుతుంది. తీసుకున్న ముక్కకు గడువుంటుంది కనుక, సగంలో స్విచ్ తీసేయకుండా అది పూర్తయ్యాకే ఆపమనండి. కంప్యూటర్ ఫ్యానుకు పట్టిన దుమ్ము దులిపించండి. మండువేసవిలో సెలవివ్వండి.

దానం చేసేవారూ, బిల్లు కట్టేవారూ ముందే ఓ మాట అనుకుంటే పేచీ ఉండదు. ఏమంటారు?