ఐపీ పెట్టే హక్కు

‘ఐపీ’ అన్న మాట తెలుగువాళ్లందరికీ తెలుసు, దాని పూర్తి రూపం చాలామందికి తెలియదు. ఫలానా ఆయన ఐపీ పెట్టాడట అని బజార్లో ఎవరైనా గొంతు తగ్గించి చెబితే, విన్నవాళ్లు రెండే ప్రశ్నలు వేస్తారు. ఎంతకు? మనవాళ్ల డబ్బేమైనా అందులో ఉందా? ఆయన ఏం వ్యాపారం చేశాడు, ఎక్కడ దెబ్బతిన్నాడు అని ఎవరూ అడగరు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు కాగితం మన నోళ్లలో నలిగి నలిగి మోసానికి మారుపేరైంది. చిన్న వ్యాపారం పెట్టేవాడికి మార్కెట్‌ను మించిన భయం ఈ మాటంటేనే.

ధైర్యే సాహసే లక్ష్మీ అని యువతకు చెప్పని నాయకుడు లేడు. ఉద్యోగాలు అడగడం కాదు, ఇచ్చే స్థాయికి ఎదగాలని ప్రతి వేదిక మీదా వింటున్నాం. చెప్పేవాళ్లు చూపించే ఉదాహరణలన్నీ గెలిచినవాళ్లవే. పుల్లారెడ్డి మిఠాయి 1948లో కర్నూలులో మొదలైంది. దేశ విభజనలో సర్వం వదులుకుని వచ్చిన కుటుంబం 1953లో హైదరాబాద్‌లో కరాచీ బేకరీ పెట్టింది. గొప్ప కథలే, కాదనలేం. అదే ఏడాది అదే వీధిలో షట్టరు దించేసినవాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఒక కర్రీ పాయింట్ తీసుకోండి. చూడటానికి అంతకంటే చిన్న వ్యాపారం ఉండదు. ఒక షట్టరు, రెండు పెద్ద పొయ్యిలు, వరసగా స్టీలు గిన్నెలు, పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు, వేడి చారు పోసిన కవరుకు క్షణంలో ముడివేసే చేతి నేర్పు. షట్టరు ఎత్తకముందే కరిగిపోయే డబ్బు లెక్క వేరే ఉంది. నెలల అద్దె అడ్వాన్సు, కమర్షియల్ సిలిండర్ల డిపాజిట్, ట్రేడ్ లైసెన్సు, బోర్డు, వంటమనిషి ముందుగా అడిగే పదో పరకో. ఇందులో కొంత ఇల్లాలి మెడలోంచి తాకట్టు కొట్టుకు వెళ్లిన గొలుసు, కొంత నష్టానికి పాడుకున్న చిట్టీ. తెరిచాక లెక్క ఇంకా చిత్రం. రాత్రి తొమ్మిదింటికి గిన్నెలో మిగిలిన బెండకాయ వేపుడు తెల్లారితే చెత్తే. వాన పడితే బేరం ఉండదు. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు పప్పు కవరు ధర పెంచుదామంటే, పక్క సందులో ఇంకొకరు పాత ధరకే ఇస్తున్నారు.

చేతిలో డబ్బు ఆడకపోతే సాయంత్రం బండి మీద వచ్చే ఫైనాన్స్ కుర్రాడు ఉండనే ఉన్నాడు. తెలంగాణలో ఈ రోజువారీ వసూలు అప్పునే గిరిగిరి అంటారు. తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటే, పోయేది వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు రోజూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా లెక్కకడితే అది ఏడాదికి 75 శాతం దాటిన వడ్డీ. మన భాషలో చెప్పాలంటే నూటికి ఆరు రూపాయల పైమాటే. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ గురించి ఇంట్లో గంటల తరబడి చర్చించుకునే మనుషులే ఈ ఆరు రూపాయల వడ్డీకి ఒక్క నిమిషంలో సంతకం పెడతారు. తెల్లారితే కూరగాయలు కొనాలి మరి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల మీద ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చినా, 2015లో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడినా, అప్పిచ్చేవాళ్ల పేర్లు మారాయి తప్ప ఈ సాయంత్రపు బండి ఆగలేదు.

అప్పు పుట్టించే విషయంలో ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2015 ఏప్రిల్‌లో ముద్ర రుణ పథకం వచ్చింది. శిశు విభాగంలో 50 వేల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు పూచీ లేకుండా ఇస్తున్నారు. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు స్వనిధి వచ్చింది. 2025 వరకు మొదట 10 వేలు, తీర్చితే 20 వేలు ఇచ్చేవారు, అదీ తీర్చితే 50 వేలు. ఈ మెట్లన్నీ పైకి ఎక్కడానికే కట్టారు. కాలు జారితే ఏంటన్న ప్రశ్నకు మాత్రం ఏ పథకంలోనూ జవాబు లేదు.

పెద్దవాళ్లకు జవాబుంది. 2016లో వచ్చిన దివాలా స్మృతి కంపెనీల కోసం చకచకా అమల్లోకి వచ్చింది. అలోక్ ఇండస్ట్రీస్ అనే వస్త్ర కంపెనీ అప్పులవాళ్లకు బాకీపడింది దాదాపు 30 వేల కోట్ల రూపాయలు. 2019లో ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారం దక్కింది సుమారు 5 వేల కోట్లు. మిగతాది బ్యాంకులు వదులుకున్నాయి. అందులో అక్రమం ఏమీ లేదు, చట్టమే ఆ దారి వేసింది. కంపెనీ వేరు, దాని యజమాని వేరు అనేది చట్టం కట్టిన గోడ. యజమాని సొంతంగా హామీ సంతకం చేస్తే తప్ప కంపెనీ అప్పు అతని ఇంటి గడప తొక్కదు. సొంత పేరున కొట్టు నడిపేవాడికి ఆ గోడ లేదు. కొట్టు అప్పంటే ఇంటి అప్పు, భార్య మెడలోని బంగారం, షూరిటీ పెట్టిన బావమరిది సిబిల్ స్కోరు. అదనంగా, అప్పిచ్చేటప్పుడు తీసుకున్న ఖాళీ చెక్కు ఒకటి ఎవరి బీరువాలోనో ఉంటుంది. అది బౌన్సయిందా, రెండేళ్ల దాకా జైలు శిక్షకు వీలున్న క్రిమినల్ కేసు.

అదే 2016 స్మృతిలో మూడో భాగం వ్యక్తుల కోసం, భాగస్వామ్య సంస్థల కోసం రాసిందే. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకు 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని అమలు చేశారు. మిగతా జనానికి నేటికీ అమలు కాలేదు. అందుకే మన కొట్టువాడు దివాలా తీస్తే ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం గుమ్మమే ఎక్కాలి. 500 రూపాయల అప్పుంటే చాలు పిటిషన్ వేయొచ్చని అందులో రాసి ఉంది. ఆ అంకె చూస్తేనే ఆ చట్టం ఏ కాలానిదో తెలుస్తుంది.

అమలుకు నోచుకోని ఆ మూడో భాగంలో ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే మంచి ఏర్పాటు ఒకటుంది. మరీ చిన్న అప్పులున్నవాళ్లకు 180 రోజులు వసూళ్లు ఆపి, విచారించి, బాకీ కొట్టేసే పద్ధతి. అర్హత చూడండి: ఏడాది ఆదాయం 60 వేలు మించకూడదు, ఆస్తి 20 వేలు మించకూడదు, అప్పు 35 వేలు మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. స్వనిధి మూడో విడత అప్పే 50 వేలు! ప్రభుత్వం నమ్మి ఇచ్చిన అప్పును పూర్తిగా వాడుకున్న తోపుడుబండి వ్యాపారి, ప్రభుత్వమే రాసిన ఊరట గీత దాటి పోతున్నాడు.

ఇలాంటి ఊరటకు గట్టి అభ్యంతరమే ఉంది. ఐపీ పెట్టినవాళ్లలో ఇల్లు బావమరిది పేర రాసి, కారు కొడుకు పేరుకు మార్చి, చేతులెత్తేసినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల వల్ల మునిగింది పెద్ద బ్యాంకులు కూడా కాదు. చిట్టీ కట్టిన టీచరు, కూతురి పెళ్లికి దాచుకున్న పక్కింటామె. ఈ పత్రిక వాళ్ల నష్టాన్ని తేలిక చేయడం లేదు. కానీ దొంగకు, దెబ్బతిన్నవాడికి తేడా చెప్పగల విచారణ లేకపోవడమే దొంగకు లాభం. ఇద్దరూ ఒకే వాయిదాల వరసలో ఏళ్ల తరబడి నిలబడతారు. దొంగ ఆ లోపు సర్దుకుంటాడు, రెండోవాడు ఊరు వదులుతాడు. లేదా పురుగుమందు డబ్బా వెతుక్కుంటాడు. తీర్చే శక్తి నిజంగా లేనివాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. నలభై ఏళ్లు దాటినా ఆ మాట తాకట్టు కొట్టు దాకా, గిరిగిరి బండి దాకా చేరలేదు.

మధ్యమధ్యలో మనకు కరుణ పొంగే సందర్భాలూ వస్తాయి. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనాలు అమ్మి యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న మహిళ కొట్టును ట్రాఫిక్ పేరుతో పోలీసులు తీయించబోతే, ముఖ్యమంత్రే కల్పించుకున్నారు. మంచిదే. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, ఆ తరువాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ రక్షణ బండి నెట్టే ప్రతి ఒక్కరిదీ. వీడియోలు లేని బజ్జీల బండికి ముఖ్యమంత్రి ఫోను రాదు, చట్టమే రావాలి.

కాబట్టి ఈ పత్రిక కోరేది అప్పుల మాఫీ కాదు. కంపెనీకి ఉన్నట్టే కొట్టుకూ బయటికి వెళ్లే దారి కావాలి. మూడో భాగాన్ని అందరికీ అమలు చేయాలి. ఫ్రెష్ స్టార్ట్ అప్పు పరిమితిని కనీసం తరుణ్ రుణం స్థాయికి పెంచాలి, ఆదాయం, ఆస్తి గీతలనూ దానికి తగ్గట్టు సవరించాలి, సొంత గూడు ఉందన్న కారణంతో తోసిపుచ్చకూడదు. ఆ స్మృతి ఇలాంటి కేసులను రుణ వసూలు ట్రిబ్యునళ్లకు అప్పగించింది. అవి మన రెండు రాష్ట్రాల్లో ఉన్నది హైదరాబాద్, విశాఖపట్నంలోనే. అనంతపురం టైలరు రాను పోను బస్సు చార్జీలకే ఇంకో అప్పు చేయాల్సి వస్తుంది. చిన్న కేసులు స్థానిక సివిల్ కోర్టులోనే తేలాలి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆస్తి దాచినట్టు తేలితే మాత్రం ఏ ఊరటా ఉండకూడదు.

దివాలా రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితా అంశం. ఢిల్లీ వైపు వేలు చూపి అమరావతి, హైదరాబాద్ తప్పుకోవడానికి వీల్లేదు. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మందిలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో లేచి ఆర్థిక మంత్రిని అడగాలి: మూడో భాగం మిగతా జనానికి ఏ తేదీ నుంచి?