మేడకి నైలాన్ చీర

పొయ్యి దగ్గరికి నైలాన్ చీరతో వెళ్లొద్దని మా అమ్మ రోజూ పోరేది. నిప్పు తగిలిందంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుందని ఆవిడ భయం. ఈ మాట వినని ఇల్లాలు మనలో ఉండదు కదూ! ఈ వారం ఊరగాయలూ, అల్లికలూ పక్కన పెట్టి ఆ నైలాన్ చీర సంగతే చెబుతాను. అయితే ఇప్పుడు కట్టుకునేది మనం కాదు, మనం ఉండే మేడ.

మా అపార్ట్‌మెంటు పాతబడి గోడలు పెచ్చులూడుతున్నాయి. ముందువైపంతా మెరిసే షీట్లు వేయిద్దామని అసోసియేషన్ వాళ్లు మీటింగు పెట్టారు. షాపులకీ, ఆసుపత్రులకీ అద్దంలా తళతళలాడుతూ ఉంటాయే, ఏసీపీ షీట్లంటారు, అవి. ఈసారి ఆడవాళ్లని కూడా పిలిచారు. ఎందుకనుకున్నారు? రంగు ఎంచడానికి! బూడిద రంగా, బంగారు రంగా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే నాకు మా ఆడపడుచు కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ పిల్ల లండన్‌లో ఫ్లాటు కొనబోతే, బయటి గోడకి ఏం అతికించారో కాగితం తెమ్మని బ్యాంకు వాళ్లు అడిగారట. అదేం విడ్డూరమే అంటే, "గ్రెన్‌ఫెల్ తర్వాత ఇక్కడ అంతే అత్తా" అంది.

గ్రెన్‌ఫెల్ టవర్ లండన్‌లో 24 అంతస్తుల మేడ. ఎక్కువగా సామాన్య కుటుంబాలుండేవి. చలి ఆగడానికి గోడలకి బయటినుంచి ఫోమ్ పలకలు బిగించి, వాటిమీద అల్యూమినియం షీట్లు తొడిగారు. ఆ పని 2016లో పూర్తయింది. 2017 జూన్ 14న అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తులో ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మంట లేచింది. ఆ ఇంటాయన వెంటనే ఫోన్ చేశాడు, ఫైరింజన్ కూడా నిమిషాల్లో వచ్చింది. కాంక్రీటు మేడలో ఒక వంటింటి మంట ఆ వంటింట్లోనే ఆరిపోవాలి. కానీ అది కిటికీ పక్క సందులోంచి బయటి షీట్లకి అంటుకుంది. అంటుకున్నాక ఇరవై నిమిషాల్లోపే పై అంతస్తు చేరింది! మొత్తం 72 మంది పోయారు. వాళ్లలో 18 మంది పిల్లలు.

అల్యూమినియం గిన్నెలో రోజూ వండుతాం, అది అంటుకోవడమేమిటి అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. అది గిన్నెలాంటి రేకు కాదండీ, బొబ్బట్టు! పైనా కిందా అర మిల్లీమీటరు అల్యూమినియం, మధ్యలో మూడు మిల్లీమీటర్ల పూర్ణం. ఆ పూర్ణం పాలిథిలిన్, అంటే మన క్యారీ బ్యాగుల జాతి ప్లాస్టిక్. వేడికి కరిగి, మండుతూ బొట్లు బొట్లుగా కారి కింది అంతస్తులని కూడా అంటిస్తుంది. పైగా షీటుకీ ఫోమ్‌కీ మధ్య వదిలిన సందు పొగగొట్టంలాగా మంటని పైకి లాగేస్తుంది. మొదట జింక్ పలకలు వేయాలనుకున్నారట, ఖర్చు తగ్గుతుందని వీటికి మారారు. చూడడానికి మాత్రం ముచ్చటగానే ఉండేది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. మంట ఒక ఇంట్లోనే ఆగుతుందన్న లెక్కతో, "మీ ఇంట్లోనే ఉండండి" అని ఆ మేడవాళ్లకి ముందునుంచీ చెప్పి ఉంచారు. ఆ రాత్రి ఫోన్ చేసినవాళ్లకీ చాలాసేపు అదే చెప్పారు. ఆ మాట మార్చేసరికి 2 గంటల 47 నిమిషాలయింది. ఉన్నది ఒక్కటే మెట్లదారి, దాన్నిండా పొగ. చాలా ఫ్లాట్ల తలుపులకి వాటంతటవే మూసుకునే స్ప్రింగులు లేవు, ఉన్నా పనిచెయ్యలేదు. కంగారులో తలుపు వెయ్యకుండా పరిగెత్తిన ఇళ్లలోంచి పొగంతా వరండాల్లోకి వచ్చేసింది. అందుకే మన ఇంట్లో ఎప్పుడైనా మంట లేస్తే అందరూ బయటికొచ్చాక తలుపు దగ్గరికి లాగెయ్యాలి, లిఫ్టు ముట్టుకోకుండా మెట్లు దిగాలి. ఇది పిల్లలకి కూడా నేర్పండి.

అక్కడి వాళ్లు ముందే చెప్పలేదా అంటే, చెప్పారు! మా భద్రత పట్టించుకోవడం లేదని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. గొడవపడే మనుషులని పక్కన పెట్టారు. విచారణ జరిగి 2024 సెప్టెంబరులో చివరి నివేదిక వచ్చింది. ఆ చావులన్నీ తప్పించగలిగినవేనని, షీట్లూ ఫోమ్ పలకలూ అమ్మినవాళ్లు పరీక్షల సంగతి దాచి మోసం చేశారని అందులో రాశారు. ఇంగ్లండులో 18 మీటర్లు దాటిన కొత్త నివాస మేడల బయటి గోడలకి మండే సరుకు వాడకూడదని 2018లోనే నిషేధం పెట్టారు. అయినా ప్రపంచానికి బుద్ధి రాలేదు. 2025 నవంబరులో హాంకాంగ్‌లోని వాంగ్ ఫుక్ కోర్ట్‌లో మరమ్మతులప్పుడు మంటలు లేచి, ఎనిమిది మేడల్లో ఏడు తగలబడ్డాయి. 150 మందికి పైగా పోయారు. అక్కడ కిటికీలకి అడ్డంగా పెట్టింది కూడా ఫోమ్ పలకలే.

ఇదంతా నెమరేసుకుని మీటింగులో లేచి, "లోపల పూర్ణం ఏమిటండీ?" అని అడిగాను. అందరూ నవ్వారు. "ఫైర్ ప్రూఫ్ మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట ఎక్కడ రాసుందో చూపించమన్నాను. షీట్లలో మామూలు ప్లాస్టిక్ పూర్ణంవి వేరే, మంట తట్టుకునే ఎఫ్.ఆర్. రకం వేరే, దాదాపు మండని ఖనిజపు పొడి దట్టించిన ఎ2 రకం వేరే ఉన్నాయి. పైకి మూడూ ఒకేలా మెరుస్తాయి, ధరలో మాత్రం తేడా. పరీక్ష చేసిన కాగితం మీద ఏ రకమో రాసుంటుంది. మన మేడకి వచ్చిన సరుకు ఆ కాగితంలోదేనా అని బిల్లుతో సరిచూసుకోవాలి. అసలు షీట్లే మానేసి, సిమెంటు పూత వేయించి రంగు కొట్టిస్తే ఈ బెడదే లేదు.

మావారు ఇంటికొచ్చాక "నీకెందుకు ఈ గొడవ" అన్నారు. నాలుగో అంతస్తులో రోజంతా ఉండేది ఎవరండీ అన్నాను. కాంట్రాక్టరు రెండు వారాలైనా కాగితం తేలేదు. పై అంతస్తు మామ్మగారు మాత్రం నిన్న మెట్ల మీద ఆపి, "నీ పూర్ణం సంగతి తేలిందా అమ్మాయ్?" అని అడిగారు. వచ్చే మీటింగుకి ఆవిడా వస్తానన్నారు.